ఒక రిపోర్టులో తగ్గింది, ఇంకోదాంట్లో పెరిగింది, నాన్న మాత్ర ఆపేశారు

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఒకామె రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి కృష్ణా డెల్టాలో ఒక పల్లె అని మాత్రం రాస్తున్నాను. వాళ్ళ నాన్నగారికి 67 ఏళ్ళు, కాలువల మీద నీటి షట్టర్లు చూసుకునే లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. మూడేళ్ళ కిందట గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు, అప్పట్నుంచీ గుండె పంపింగ్ 30 శాతం దగ్గరే ఉండిపోయింది. ఈ జనవరిలో ఆయాసం ఎక్కువై, మూడు దిండ్లు ఎత్తు వేసుకుంటే తప్ప నిద్రపట్టని పరిస్థితి వస్తే ఈమె హైదరాబాదు తీసుకొచ్చి చూపించారు. డాక్టరు అప్పటిదాకా వాడుతున్న గుండె మాత్ర రామిప్రిల్ ఆపించి, సాకుబిట్రిల్, వాల్సార్టాన్ రెండూ కలిసిన మాత్ర పూటకొకటి చొప్పున మొదలుపెట్టారు. రెండు నెలలు తిరిగేసరికి ఒక్క దిండుతో పడుకోగలిగారు, కాళ్ళ వాపు దిగింది. కాకపోతే పొద్దున లేవగానే కళ్ళు తిరుగుతున్నాయి, బీపీ 98/60 చూపిస్తోంది, ఒకరోజు తెల్లవారుజామున దొడ్లోకి వెళ్తూ పడిపోయారు.

గొడవ రిపోర్టుల దగ్గర మొదలైంది, గుండె గోడల మీద ఎంత ఒత్తిడి ఉందో చెప్పే రక్త పరీక్షలవి. హైదరాబాదులో చేయించిన ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ పరీక్ష జనవరిలో 3,860 ఉంటే మార్చి ఆఖరుకు 2,150కి దిగింది. ఊరి పక్క టౌనులో చేయించిన బీఎన్‌పీ పరీక్ష మాత్రం జనవరిలో 480, మార్చిలో 610. అమెరికాలో ఉన్న అన్నయ్య ఈ రెండో కాగితం చూసి "మాత్ర మొదలుపెట్టాక పెరిగింది కదా, దీన్ని నమ్ముకుని ఎట్లా" అని వీడియో కాల్‌లో నాన్న ఎదురుగానే అనేశాడు. అంతకుముందు ఈమె నాన్నతో "అన్నీ నార్మలే నాన్నా" అని చెప్పి ఉన్నారు. ఇక ఆయన మాత్రలు మింగినట్టే మింగి కరివేపాకు కుండీలో గుచ్చేయడం మొదలుపెట్టారు. మొన్న ఊరెళ్ళినప్పుడు ఈమె ఆ మట్టి కదిలిస్తే లేత పసుపు మాత్రలు, సగం కరిగినవి, ఇరవై రెండు లెక్కకు వచ్చాయట. నిలదీస్తే అమ్మగారు ఇంకో మాట బయటపెట్టారు: పాత రామిప్రిల్ స్ట్రిప్పు బీరువాలో ఉంటే, మూడేళ్ళు దీని మీదే బాగున్నారు కదా అని రెండు రోజులుగా అది ఇస్తున్నారు. పన్నెండు రోజుల్లో బరువు 64 నుంచి 66.5 కిలోలకు వచ్చింది, చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోంది.

"ఏ ల్యాబ్ అబద్ధం చెప్పింది మేడమ్? అన్నయ్యేమో ఈ బీఎన్‌పీ రక్తనాళాల్ని వెడల్పు చేసే మంచి హార్మోను అని చదివానంటాడు, మంచిదైతే ఎక్కువున్నందుకు భయపడటం ఎందుకు, అంత మంచిదైతే అదే ఎక్కించవచ్చు కదా అని అడుగుతాడు. రిపోర్టు మీద బ్రెయిన్ అని ఉందని అమ్మ మెదడుకు కూడా ఏదో అయిందని ఏడుస్తోంది. నీ మందుల వల్లే ఆయన పడిపోయాడని నాతో మాట్లాడటం మానేసింది. నేను తప్పు చేశానా?" అని అడిగారు. ఉత్తరం పెద్దది, నేను కుదించాను.

అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే మీకు రెండు లైన్లు పంపాను, మిగతావాళ్ళ కోసం అవి మళ్ళీ రాస్తున్నాను. మందు మానేసిన పన్నెండు రోజుల్లో రెండున్నర కిలోలు పెరిగి కాళ్ళకు నీరు దిగిందంటే అది ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదు, అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి, ఆయాసం కూడా తిరగబెడితే ఫోను కూడా కాదు, నేరుగా ఆస్పత్రికి వెళ్ళాలి. రెండోది ఇంకా ముఖ్యం. రామిప్రిల్ వేసుకున్నాక 36 గంటలు గడవకుండా ఈ జంట మాత్ర వేసుకోకూడదు. ఎవరో జాలిపడి పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకోటి ఇచ్చారంటే పెదాలు, నాలుక, గొంతు వాచి ఊపిరి అందని ప్రమాదం ఉంది. అందరికీ వస్తుందని కాదు, వచ్చినవాళ్ళకు టైము ఉండదు. అందుకే ముందు ఆ బీరువాలో స్ట్రిప్పు బయటికి తీసి, ఎప్పుడు ఏ మాత్ర వేశారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. చెప్పానని మీరు జవాబిచ్చాక నాకు కాస్త నిమ్మళించింది.

నేను రోగుల్ని చూసే డాక్టర్ని కాదు, మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పిన టీచర్ని. డోసు ఎంత ఉండాలన్నది మీ డాక్టరు చేతిలో పని. నేను చేయగలిగింది ఆ రెండు కాగితాలూ విడమరచడం, మీ ముందున్న దారులేమిటో, ఏ దారిలో వెళ్తే ఏమవుతుందో చెప్పడం.

రెండు ల్యాబుల్లో ఏదీ అబద్ధం చెప్పలేదు. రెండూ రెండు వేరే వస్తువుల్ని కొలిచాయి. ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి, ఓపిక పట్టండి, ఎందుకంటే మీ ఇంట్లో అపార్థం అంతా ఇక్కడే ఉంది.

గుండె అంటే రక్తం తోడే మోటారు అనే మనందరం అనుకుంటాం, చాలాకాలం శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. 1956లో బ్రూనో కిష్ అనే ఆయన గినీ పందుల గుండెను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే పై గదుల కండరంలో సన్నటి గింజల్లాంటివి కనిపించాయి, హార్మోన్లు తయారుచేసే గ్రంథుల్లో ఉంటాయే, అలాంటివి. గుండెలో వాటికేం పని? అదే ఏడాది హెన్రీ, గావర్ అనేవాళ్ళు కుక్క గుండె ఎడమ పై గదిలో చిన్న బెలూన్ ఊదితే ఆ కుక్కకు మూత్రం ఎక్కువ కావడం గమనించారు. ఈ రెండు విషయాలూ వేరువేరు మూలల్లో పాతికేళ్ళు పడి ఉన్నాయి. 1981లో కెనడాలోని కింగ్‌స్టన్‌లో అడాల్ఫో డి బోల్డ్ బృందం ఎలుక గుండె పై గదుల కండరాన్ని నూరి, ఆ రసం వేరే ఎలుకలకు ఎక్కించింది. నిమిషాల్లో మూత్రం 10 రెట్లు, దాంతోపాటు పోయే ఉప్పు 30 రెట్లకు పైగా పెరిగాయి, బీపీ దిగింది. గుండె కూడా ఒక హార్మోన్ల గ్రంథే అని అలా తేలింది. ఆ మొదటి హార్మోను పేరు ఏఎన్‌పీ. బీఎన్‌పీ దాని చెల్లెలు లాంటిది, దాన్ని 1988లో జపాన్ శాస్త్రవేత్తలు ముందుగా పంది మెదడులో పట్టుకున్నారు, అందుకే బ్రెయిన్ అని పేరు పెట్టారు. తర్వాత చూస్తే మనుషుల్లో అది ఎక్కువగా వచ్చేది గుండె కింది గదుల నుంచే. పేరు మాత్రం అలాగే మిగిలిపోయింది. మీ అమ్మగారికి ఈ ఒక్క ముక్క ఇవాళే చెప్పండి, ఆ కాగితం మీద బ్రెయిన్ అన్న మాటకూ నాన్నగారి మెదడుకూ ఏ సంబంధమూ లేదని. ఆవిడ ఇన్నాళ్ళూ ఆ భయం ఒంటరిగా మోశారు.

మీ నాన్నగారు లస్కరు అన్నారు కదా. ఈ హార్మోను చేసే పని ఆయనకు నాకంటే బాగా తెలుసు, పేరు తెలియదంతే. వరద రోజుల్లో లాకుల దగ్గర నీళ్ళు కట్టను ఒరుసుకుంటుంటే ఆయన ఏం చేసేవారు? కింది షట్టర్లు ఎత్తేవారు, మిగులు నీళ్ళను మురుగు కాలువలోకి వదిలేవారు. గుండె గదులు రక్తంతో నిండి గోడలు సాగినప్పుడు ఈ హార్మోన్లు పుట్టి చేసేవి కూడా సరిగ్గా ఆ రెండే. రక్తనాళాల గోడల్లో చుట్టూ కండరం ఉంటుంది, అది బిగిస్తే నాళం సన్నబడుతుంది, వదిలితే వెడల్పవుతుంది. హార్మోను ఆ కండర కణం తలుపు తట్టగానే లోపల సీజీఎంపీ అనే కబురు పుడుతుంది, దాంతో కణంలో కాల్షియం తగ్గి కండరం పట్టు సడలుతుంది. ధమనులు వెడల్పైతే గుండె తోయాల్సిన బరువు తగ్గుతుంది, సిరలు వదులైతే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. సన్నటి నాళాల్లోంచి కొంత నీరు బయటి కణజాలంలోకి జారుతుంది. కిడ్నీల్లో ఉప్పూ నీరూ బయటికి పోతాయి. మనం చెరువులో మెడలోతు నీళ్ళలో కాసేపు నిలబడితే మూత్రం ఎందుకు వస్తుందనుకున్నారు? నీటి ఒత్తిడికి కాళ్ళలో రక్తం ఛాతీలోకి ఎక్కుతుంది, గుండె గదులు సాగుతాయి, ఏఎన్‌పీ పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ ఇది రోజూ జరిగే పనే.

ఇప్పుడు మీ అన్నయ్య ప్రశ్న. మంచి ప్రశ్నే, ఆయన్ని కోప్పడకండి. హార్మోను మంచిదే, అది విషం కాదు. నంబరు ఎక్కువుంటే భయం హార్మోనును చూసి కాదు, అంత హార్మోను పుట్టేంతగా గుండె గోడలు సాగుతున్నాయే అని. లస్కరు పదేపదే పై ఆఫీసుకు ఫోన్ చేస్తుంటే ఫోన్ చెడ్డది కాదు కదా, కట్ట దగ్గర పరిస్థితి బాగాలేదని అర్థం.

మరి అన్నిసార్లు ఫోన్ చేసినా షట్టర్లు ఎందుకు ఎత్తడం లేదు? ఇక్కడే గుండె జబ్బు మెలిక ఉంది. పంపింగ్ తగ్గినవాళ్ళలో కిడ్నీలకు రక్తం సరిగా అందదు. కాలువ చివరి భూముల రైతుల్లాగా అవి నీళ్ళు లేవని గగ్గోలు పెడతాయి. ఆ అర్జీకి శరీరం రెనిన్, యాంజియోటెన్సిన్ అనే ఇంకో వరుస హార్మోన్లను దింపుతుంది, వాటి ఉత్తర్వు దీనికి పూర్తిగా వ్యతిరేకం: షట్టర్లు దించు, మురుగు కాలువ మూసెయ్, ఒక్క చుక్క పోనివ్వకు. ఒకే కాలువకు ఇద్దరు అధికారులు, రెండు ఆర్డర్లు. కట్ట మీద నిలబడి చూసేవాడికి నీళ్ళు పొర్లుతున్నాయని తెలుసు, కానీ రెండో ఆర్డరే గెలుస్తుంది.

దీన్ని మనుషుల చేతుల్లోనే చూశారు. మోచేతి దగ్గర ధమనిలోకి ఏఎన్‌పీ కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, పై చేతికి బీపీ పట్టీలాంటిది కట్టి కొన్ని సెకన్లు గాలి నింపుతారు. సిరల్లోంచి రక్తం తిరిగి వెళ్ళదు, ధమనుల్లోంచి వస్తూనే ఉంటుంది, దాంతో ముంజేయి సన్నగా ఉబ్బుతుంది. ఎంత వేగంగా ఉబ్బిందో చుట్టూ కట్టిన సన్నటి తీగ చెబుతుంది, అదే నాళాలు ఎంత తెరుచుకున్నాయన్న లెక్క. ఆరోగ్యవంతుల ముంజేతిలో రక్తం బాగా పెరుగుతుంది. గుండె బలహీనపడినవాళ్ళలో అంతే మందుకు అంత పెరగదు. నాళాలు ఆ మాట వినీవినీ మొద్దుబారతాయి. దానికి తోడు, అలాంటివాళ్ళ రక్తంలో తిరిగే బీఎన్‌పీలో చాలా భాగం సరిగ్గా కోయకుండా బయటికొచ్చిన పచ్చి సరుకు, దాని పని అంతంతమాత్రం. కాగితం మీద అంకె పెద్దది, నాళం దగ్గర పని చిన్నది.

అదే ఎక్కించవచ్చు కదా అన్నారు. చేశారమ్మా. ల్యాబులో తయారుచేసిన బీఎన్‌పీని నెసిరిటైడ్ అనే పేరుతో 2001లో అమెరికాలో అనుమతించారు, ఆస్పత్రిలో చేరినవాళ్ళకు సెలైన్‌లా ఎక్కించేవారు. 2011లో 7,000 మందికి పైగా రోగులతో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి: చావులూ తగ్గలేదు, మళ్ళీ ఆస్పత్రిలో చేరడమూ తగ్గలేదు, బీపీ పడిపోవడం మాత్రం ఎక్కువైంది. రెండో అధికారి ఆర్డరు అలాగే ఉంచి, మొదటి అధికారి చేత ఇంకాస్త గట్టిగా అరిపిస్తే ఉపయోగం అంతే అని నాకనిపిస్తుంది.

మీ నాన్నగారి మాత్ర దారి వేరు. శరీరంలో నెప్రిలైసిన్ అనే ఎంజైము ఒకటుంది, కత్తెరలాంటిది, ఈ గుండె హార్మోన్లను ముక్కలు చేసేస్తుంటుంది. సాకుబిట్రిల్ ఆ కత్తెరను ఆపుతుంది, దాంతో గుండె సొంతంగా తయారుచేసుకున్న హార్మోనే ఎక్కువసేపు నిలిచి నాళాల దగ్గర పనిచేస్తుంది. ఆ కత్తెర యాంజియోటెన్సిన్‌ను కూడా కత్తిరించేదే, అందుకని ఒక్క కత్తెరను ఆపి ఊరుకుంటే అవతలివాడికీ బలం వస్తుంది. ఆ నోరు మూయడానికే పక్కన వాల్సార్టాన్. ఆ కత్తెరే బ్రాడీకైనిన్ అనే ఇంకో పదార్థాన్నీ తుంచుతుంది, రామిప్రిల్ ఆపేది కూడా దాన్ని తుంచే మరో ఎంజైమునే, రెండూ ఒకేసారి ఆగితే అది పోగుపడి గొంతు వాపు వస్తుంది. ఇందాక నేను 36 గంటలని అంత గట్టిగా చెప్పింది ఇందుకే. రెంటినీ ఒకే మాత్రతో ఆపే ఒమాపట్రిలాట్ అనే మందు ఇరవై ఏళ్ళ కిందట సరిగ్గా ఈ వాపు కారణంగానే మూలపడింది.

ఇక మీ రెండు కాగితాలు. గుండె ముందు తయారుచేసేది 108 అమైనో ఆమ్లాల ఒక పొడుగు దండ. దాన్ని రెండుగా తెంపితే 32 పూసల ముక్క ఒకటి, 76 పూసల ముక్క ఒకటి వస్తాయి. 32 పూసలదే బీఎన్‌పీ, పనిచేసే హార్మోను అదే. 76 పూసలది ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, దానికి నాళాల మీద పనేమీ లేదు, ఊరికే రక్తంలో తిరిగి కిడ్నీల గుండా పోతుంది. నెప్రిలైసిన్ కత్తెర బీఎన్‌పీని కత్తిరిస్తుంది, ఆ రెండో ముక్క జోలికి పోదు. కత్తెరను మందుతో ఆపినప్పుడు బీఎన్‌పీ మిగిలిపోయి అంకె కాస్త పెరగవచ్చు, అది మందు పనిచేస్తున్నందువల్లే. రెండో ముక్క మాత్రం గుండె ఎంత తయారుచేస్తోందో అంతే చూపిస్తుంది. అది 3,860 నుంచి 2,150కి దిగిందంటే గోడల మీద సాగుడు తగ్గిందన్నమాట. మూడు దిండ్ల నుంచి ఒక దిండుకు రావడం, వాపు దిగడం దానికి సరిపోలే సాక్ష్యాలు. మీ ఉత్తరంలోనే జవాబు ఉంది, నేను కొత్తగా కనిపెట్టిందేం లేదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. ఈ మాత్ర వాడుతూ బీఎన్‌పీ పెరిగిన ప్రతిసారీ శుభమే అనుకోకూడదు, జబ్బు ముదిరినా పెరుగుతుంది. అందుకే ఇకమీదట ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ ఒక్కటే, ఒకే ల్యాబులో చేయించండి. అంకె వయసుతో పెరుగుతుంది, కిడ్నీ మందగించినా, గుండె లయ తప్పినా పెరుగుతుంది, లావుగా ఉన్నవాళ్ళలో తక్కువ చూపిస్తుంది. పక్కింటాయన అంకెతో మీ నాన్నగారి అంకెను పోల్చకండి, ఆయన పాత అంకెతోనే పోల్చండి. అంకె కంటే ముందు కబురు చెప్పేది రోజూ పొద్దున బాత్రూముకు వెళ్ళొచ్చాక చూసుకునే బరువు.

కళ్ళు తిరగడం సంగతి. మీ అమ్మగారి భయం ఉత్తి భయం కాదు, ఆ మాట మీరు ఒప్పుకోవాలి. 2014లో బయటికొచ్చిన పెద్ద పరీక్షలో 8,399 మంది మీద ఈ మాత్రను రామిప్రిల్ జాతికే చెందిన ఎనలాప్రిల్‌తో పోల్చారు. గుండె జబ్బుతో చనిపోవడం గానీ ఆస్పత్రిలో చేరడం గానీ 20 శాతం తగ్గింది. అదే పరీక్షలో బీపీ పడి ఇబ్బంది పడినవాళ్ళు ఎనలాప్రిల్ వైపు 9 శాతం ఉంటే ఈ మాత్ర వైపు 14 శాతం. రెండూ నిజాలే. నాళాలు వెడల్పు కావడమే మేలు, లేచి నిలబడేటప్పుడు అదే నాళాలు టక్కున బిగుసుకోకపోవడం కీడు.

కాబట్టి మీ ముందు ఏ దారులున్నాయో చూద్దాం. మాత్ర మొత్తానికి మానేయడం ఒకటి, ఆ దారి ఎటు పోతుందో చీలమండల దగ్గర గుంట ఇప్పటికే చూపించింది. రామిప్రిల్‌కే తిరిగి వెళ్ళిపోవడం ఇంకోటి. అది చెడ్డ మందు కాదు, మూడేళ్ళు ఆయన్ని నిలబెట్టింది, కొత్తది అసలు పడనివాళ్ళకు డాక్టర్లే అది ఇస్తారు. కానీ జనవరిలో మూడు దిండ్ల స్థితి వచ్చింది కూడా దాని మీద ఉన్నప్పుడే, ఆ సంగతి అమ్మగారికి గుర్తుచేయండి. మూడో దారి అదే జంట మాత్రను తక్కువ డోసుతో మళ్ళీ మొదలుపెట్టడం. లేత పసుపుది అంటున్నారు, బహుశా 100 మిల్లీగ్రాములది, 50ది కూడా దొరుకుతుంది. బీపీ తట్టుకున్నకొద్దీ నెమ్మదిగా పెంచుతారు. లాభం పూర్తిగా రావడానికి టైము పడుతుంది గానీ ఆయన మాత్ర మీద నిలుస్తారు, కుండీలోకి వెళ్ళిన పెద్ద డోసు కంటే కడుపులోకి వెళ్ళిన చిన్న డోసు మేలు. నాలుగోది చాలామందికి తట్టదు: కళ్ళు తిరగడానికి కారణం ఈ మాత్ర ఒక్కటే కాకపోవచ్చు. మీరు మందుల ఫోటో పెట్టారు, అందులో రాత్రిపూట వేసుకునే ప్రోస్టేట్ మాత్ర టామ్సులోసిన్ ఉంది, అది కూడా నిలబడినప్పుడు బీపీ దించేదే. తెల్లవారుజామున దొడ్లో పడిపోవడానికి దాని వాటా కూడా ఉండవచ్చు. వాపు దిగిపోయాక కూడా యూరిన్ మాత్ర మొదటి డోసులోనే సాగిందేమో చూడాలి, ఒంట్లో నీరు తగ్గాక అదే డోసు మనిషిని ఆరబెట్టేస్తుంది. ఇప్పుడు మళ్ళీ నీరు పట్టింది కాబట్టి అది మీరు సొంతంగా తగ్గించకండి. ఈ రెండు మాత్రల పేర్లూ చెప్పి, వీటి టైమూ డోసూ ఒకసారి చూడండి అని డాక్టర్ని అడగండి, కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ మూడో నిమిషంలో ఒకసారి బీపీ చూసి ఆ అంకెలు రాసి తీసుకెళ్ళండి. 98/60 అని ఒక్కటే చెబితే సగం కథ చెప్పినట్టు. డోసు మార్చాక ఒకటి రెండు వారాల్లో పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూస్తారు, అది వాయిదా వేయకండి.

డబ్బు సంగతి మీరు రాయలేదు గానీ చాలా ఇళ్ళల్లో ఈ మాత్ర ఆగేది దాని వల్లే. 2023లో పేటెంటు గడువు ముగిశాక ఇదే మందు చాలా కంపెనీల పేర్లతో ఇంకా తక్కువ ధరకు దొరుకుతోంది, మొహమాటపడకుండా డాక్టర్ని అడగవచ్చు.

ఉప్పు గురించి లెక్చరు ఇవ్వను. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అందులో ఆవకాయ, మజ్జిగలో వేసే ఉప్పు, అప్పడం అన్నీ కలిసి. గుండె నానా తిప్పలు పడి ఉప్పును బయటికి పంపే హార్మోను తయారుచేస్తుంటే ఇటునుంచి మనం పోస్తూ ఉండటం సరికాదు. అన్నయ్య పంపిన "లో సోడియం" ఉప్పు మాత్రం వాడకండి. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియం. వాల్సార్టాన్, స్పైరోనోలాక్టోన్ లాంటి మందులు వాడేవాళ్ళకు అది పెరిగితే గుండె లయకే ముప్పు. మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చే డైక్లోఫెనాక్ కూడా అంతే, నీరు నిలబెడుతుంది, కిడ్నీని దెబ్బతీస్తుంది.

ఇక మీరు తప్పు చేశారా అన్న ప్రశ్న. మందు మార్పించి మీరు తప్పు చేయలేదు. అన్నీ నార్మల్ అని చెప్పడం మాత్రం పొరపాటే, తిడుతున్నానని అనుకోకండి, మా నాన్న విషయంలో నేనూ ఆ మాటే చెప్పాను, ఆయన కూడా కనిపెట్టేశారు. భయపడతారని దాస్తాం. కానీ నలభై ఏళ్ళు ఏ నీళ్ళు ఎటు పోతున్నాయో కనిపెట్టుకుని ఉన్న మనిషికి తన ఒంట్లో నీళ్ళ సంగతి దాస్తే ఆయన మందును కాదు, మిమ్మల్ని అనుమానిస్తారు. అనుమానం వచ్చాక ఏ మాత్రా లోపలికి పోదు.

ఎవరు చెప్పాలన్నదానిలో మీకు కొంత వెసులుబాటు ఉంది. డాక్టరు చేత చెప్పిస్తే ఆయన నమ్ముతారు, కానీ మీ ఇద్దరి మధ్య పడిన ముడి అలాగే ఉంటుంది. అన్నయ్య చేత చెప్పిస్తే ఆ ముడిలో సగం విడిపోతుంది, ఎందుకంటే నంబరు పెరిగిందన్నది ఆయనే కాబట్టి ఆయన నోటితోనే "నేను చూసింది వేరే పరీక్ష నాన్నా" అని రావాలి. దానికి ముందు మీరు అన్నయ్యతో విడిగా మాట్లాడాలి, నాన్న ఎదురుగా కాదు, తప్పు ఎత్తిచూపడానికి కాదు, 108 పూసల దండ సంగతి చెప్పడానికి. దూరంలో ఉన్నవాళ్ళు రిపోర్టుల్ని అంత గట్టిగా పట్టుకునేది వాళ్ళ చేతికందేది అదొక్కటే కాబట్టి. మీరే చెబితే కష్టం, కాస్త మాట పడాల్సి వస్తుంది, కానీ మీ మీద నమ్మకం తిరిగొచ్చేది ఆ దారిలోనే. నన్నడిగితే అన్నయ్య ముందు, ఆ తర్వాత మీరు. మీ ఇంటి మనుషులు మీకు తెలుసు, నాకు తెలియదు.

అమ్మగారితో మాత్రం వాదన పెట్టుకోకండి. పడిపోయిన రోజు ఆయన్ని లేపి కూర్చోబెట్టింది ఆవిడ, మీరూ నేనూ కాదు. బీపీ మిషను, బరువు మిషను, ఒక నోటుబుక్కు ఆవిడ చేతిలో పెట్టండి. పై బీపీ 100 కంటే తక్కువుండి కళ్ళు తిరిగితే పూట మాత్ర వేసే ముందు డాక్టరుకు ఫోన్ చేయమనే అధికారం కూడా డాక్టర్ని అడిగి ఆవిడకే ఇప్పించండి. చాటుగా పాత మాత్ర ఇచ్చే అవసరం అప్పుడు ఆవిడకు ఉండదు.

ఆదివారం ఊరెళ్తున్నానన్నారు. నాలుగు కాగితాలూ తీసుకెళ్ళండి, జనవరివి రెండూ, మార్చివి రెండూ. సాయంత్రం నాన్నగారితో కాలువ గట్టు దాకా నడవగలిగితే నడవండి, ఆయాసమైతే అరుగు మీదే కూర్చోండి. ముందు "నార్మల్ అని చెప్పింది అబద్ధం నాన్నా, భయపడి చెప్పాను" అనండి. తర్వాత షట్టర్ల గురించి ఆయన్నే అడగండి, ఆయన చెబుతుంటే మధ్యలో గుండె మాట కలపండి. కరివేపాకు కుండీ సంగతి ఎత్తకండి, ఆయనకై ఆయన చెబితే వినండి.